తూర్పు ఫేసింగ్, క్లియర్ టైటిల్

మా కోనసీమ అగ్రహారంలో ఇప్పుడు మనుషులకంటే తాళంకప్పలే ఎక్కువ. పిల్లలు డాలస్‌లో, పెద్దలు వాళ్ల దగ్గరో లేదా గోడమీద ఫొటోలోనో. సంక్రాంతికి ఊరు నిండుతుంది కదా, ఒక్కో మూసిన ఇంటి ముందు ఆ ఇంటి కథ ఫ్లెక్సీగా కడదామన్నాం. ఫొటోలు, రాతలు, అనుమతులు ఎలాగో అయ్యాయి.

ఫ్లెక్సీ షాపతను పండగ గిరాకీలో ఉన్నాడు. ప్రూఫ్ చూపించమంటే, "మీకెందుకండీ, నేను చూసుకుంటాను కదా" అన్నాడు. చూసుకున్నాడు. "1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూముల లెక్కలన్నీ ఈ అరుగు మీదే నడిచాయి. మీ జ్ఞాపకాలు పంచుకోండి" అన్న నా రాత కింద, ఎవరూ అడక్కుండానే, ఆకుపచ్చ టిక్కులతో "తూర్పు ఫేసింగ్, క్లియర్ టైటిల్, వెంటనే రిజిస్ట్రేషన్" అని తగిలించాడు. పక్కనే బొద్దుగా నా ఫోన్ నంబరు. ఏదో వెంచర్ ఫ్లెక్సీ డిజైన్‌లోనే మా ఇల్లు అతికించేశాడన్నమాట. కుర్రాళ్లు వాటిని రాత్రికి రాత్రే చీకట్లో కట్టేశారు.

కనుమ పొద్దున్న, ఏకాదశ రుద్రుల ప్రభలు చూడ్డానికి జగ్గన్నతోట వెళ్లే జనం మా వీధిలో ఆగుతుంటే నేను మురిసిపోయాను. ఒకాయన అయితే కరణంగారి ఇంటి ముందు బండి స్టాండేసి మరీ నిలబడ్డాడు. కళాహృదయం అనుకున్నాను.

"96 తుపానుకి కూడా ఈ పెంకులు చెక్కుచెదరలేదండీ" అన్నాను.

"పెంకులెలాగూ తీసేస్తాం లెండి. ఎన్ని సెంట్లండీ?"

"అది కాదండీ. వర్షం వస్తే మండువాలోకి నీళ్లు ఎంత అందంగా..."

"కారుతుందా? అయితే రేటు తగ్గించాలండీ."

"మేం జ్ఞాపకాలు పంచుకోమంటున్నామండీ!"

"ఆయ్, పంచుకునేవాళ్లు ఎంతమందండీ? అన్నదమ్ములు అందరూ సంతకం పెడతారా?"

ఈలోగా వాళ్ల బావమరిది టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చాడు. ఎందుకో తెలీదు, పట్టుకున్నాను. కొలత పూర్తయింది. సెంటుకి 48.4 గజాల లెక్కన నోటితోనే గుణించేసి, వీధిశూల ఉందేమోనని అనుమానం కూడా వెలిబుచ్చాడు.

అనుమతి అడిగినప్పుడు బొటనవేలి బొమ్మ పంపి ఊరుకున్న డాలస్ ఓనరుగారు, ఈసారి స్వయంగా వీడియో కాల్‌లోకి వచ్చారు. ఆయన అన్నవి ఇక్కడ రాయలేను.

మధ్యాహ్నం ఫ్లెక్సీ షాపుకెళ్లి అరిచాను. అతను తాపీగా విన్నాడు.

"ఫోన్లు బాగా వస్తున్నాయన్నమాట! మరి బ్యాలెన్స్ డబ్బులు ఎప్పుడిస్తారండీ?"