చెప్పులరగని పరిపాలన

ప్రభుత్వాఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన జాతి మనది. అందుకే రష్యావాళ్ల స్థానిక పరిపాలన చట్టంలో ఒక మాట చదివి నాకు కళ్లు చెమర్చాయి. 2003లో వచ్చిన 131వ నంబరు చట్టం అది. గ్రామ పాలన హద్దులు ఎలా గీయాలో చెబుతూ, ఏ పల్లెలో ఉన్న మనిషైనా పాలన కేంద్రానికి నడిచి వెళ్లి, పనిదినం ముగిసేలోగా నడిచి ఇంటికి చేరేలా ఉండాలని రాశారు. పై అంచె అయిన రయోన్‌కైతే నడక బదులు ఏదో ఒక బండి. (రయోన్ అంటే మన జిల్లాకు తక్కువ, మండలానికి ఎక్కువ.) వెళ్లేసరికి సారు సీట్లో ఉంటారా, క్యాంపుకెళ్లారా అన్న చిల్లర విషయాల జోలికి చట్టం పోలేదు.

ఇంత చక్కటి నియమం ఎలా అమలవుతోందో చూద్దామని మ్యాపు తీసి, సైబీరియాలో, క్రాస్నొయార్స్క్ ప్రాంతంలోని ఎవెన్కీ రయోన్ మీద వేలు పెట్టాను. విస్తీర్ణం సుమారు 7,63,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి పరిచి, పక్కనే అలాంటిదే ఇంకో జత పరిచినా, ఇంకా రెండు లక్షల చదరపు కిలోమీటర్లు మిగులుతాయి. ఇదంతా ఒక్క రయోన్. పట్టణమన్నదే లేదు. 2010 జనగణనలో తేలిన జనం 16,253. తలకు 47 చదరపు కిలోమీటర్ల చొప్పున వాటా వస్తుంది. హైదరాబాద్‌లో రెండొందల గజాల కోసం లోన్ పెట్టినవాళ్లు ఈ లెక్క దాటేసి ముందుకెళ్లండి. గట్టు తగాదా పెట్టుకోవాలన్నా అక్కడ పక్కవాడు కనిపించాలి కదా!

రయోన్ కేంద్రం తురా. కొచెచుమ్ నది వచ్చి దిగువ తుంగుస్కాలో కలిసేచోట ఉంటుంది. దక్షిణాన ఉన్న వనవర అనే ఊరి నుంచి అక్కడికి గీత గీసినట్టు వెళ్లినా దాదాపు 450 కిలోమీటర్లు. గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున నడిస్తే వెళ్లిరావడానికి 180 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు ఇరవై రెండున్నర. బండి మాటంటారా, ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. చలికి నేలా నదులూ గడ్డకట్టాక జిమ్నిక్ అనే చలికాలపు దారి వేస్తారు. మిగతా రోజుల్లో ఆకాశమే దిక్కు.

చట్టం రాసినవాళ్లు అమాయకులేం కారు. జనం పలచగా ఉన్నచోట, దూరాభారమైన చోట ఈ నియమం పాటించకపోయినా ఫర్వాలేదని అక్కడే రాసి పెట్టుకున్నారు. అందరూ తప్పకుండా భోజనానికి రావాలి, దూరపువాళ్లు మాత్రం మొహమాటపడి రానక్కర్లేదు అన్నట్టు. ఇక ఏ గ్రామ పాలన కిందికీ రాని నేలకు ‘ఊళ్ల నడిమి భూమి’ అని పేరు పెట్టి రయోన్‌కు అప్పగించారు. ఎవెన్కీలో ఊళ్ల కంటే నడిమే ఎక్కువ.

ఒకప్పుడు ఈ రయోన్ వైభవమే వేరు. 1930లో జాతీయ ఒక్రుగ్‌గా (ఒక తెగ పేరిట ఏర్పరచిన ప్రాంతంగా) పుట్టి, 1993 రాజ్యాంగంతో దేశంలో మిగతా ప్రాంతాలన్నిటికీ సమానమైంది. అయినా క్రాస్నొయార్స్క్‌లో భాగమే. ఒకే ఇంట్లో వేరు కుంపటి. ఎగువ సభలో కోటి మంది ఉన్న మాస్కోకు ఇద్దరు సభ్యులు, పదిహేడు వేల చిల్లర జనమున్న ఎవెన్కీకీ ఇద్దరే. 2005లో ప్రజాభిప్రాయం అడిగారు, 2007 జనవరి 1న కుంపటి ఆర్పేశారు. బదులుగా ప్రత్యేక హోదా ఇచ్చారు. ఆంధ్ర పాఠకులు ఉలిక్కిపడొద్దు, వాళ్లకు నిజంగానే ఇచ్చారు.

రష్యాలో అన్నీ కేంద్రమే చూసుకుంటుందని అంటుంటారు. ఆ కేంద్రం కూడా ఇక్కడే ఉంది మరి. దేశానికి భౌగోళికంగా నట్టనడుమ ఎక్కడో లెక్కగట్టి, ఈ రయోన్‌లోని వివి సరస్సు ఒడ్డున తేల్చారు. 1992లో అక్కడో స్తంభం నాటారు. ఆ కేంద్రంలో ఆఫీసు లేదు, గుమాస్తా లేడు, చుట్టుపక్కల ఊరూ లేదు. నాకు తెలిసి లంచం అడగని ఏకైక కేంద్రం.

ఎంక్వయిరీలు ఎలా జరుగుతాయన్నదానికీ ఈ నేల ఒక ఉదాహరణ ఇచ్చింది. 1908 జూన్ 30 పొద్దున వనవర వసారాలో కూర్చున్న ఒకాయనకు ఒంటిమీద చొక్కా అంటుకుందేమో అన్నంత సెగ తగిలింది. ఏమిటా అని తేరుకునేలోపే ఎగిరి అవతల పడ్డాడు. అక్కడికి 65 కిలోమీటర్ల దూరంలో ఆకాశంలో ఏదో పేలి, రెండు వేల చదరపు కిలోమీటర్ల అడవి పక్క దులిపినట్టు పడిపోయింది. పరిశీలనకు మొదటిసారి శాస్త్రవేత్త లియొనిద్ కులిక్ అక్కడికి చేరింది 1927లో. మధ్యలో ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం ఉన్నాయనుకోండి, సెలవు చీటీకి అవి గట్టి కారణాలే. సంఘటన జారు చక్రవర్తి హయాంలో, ఎంక్వయిరీ సోవియట్ల హయాంలో. ఇందులో వింతేముందని మనవాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. కులిక్‌కు రాయీ దొరకలేదు, రాయి పడిన గొయ్యీ దొరకలేదు. పద్ధతి ప్రకారం ‘ఆధారాలు లభించలేదు’.

ఇప్పుడు పరిపాలన ఇంకో మెట్టెక్కింది. 2025 మార్చిలో పుతిన్ సంతకం చేసిన కొత్త చట్టం గ్రామ అంచెనే తీసేసి, ఒక్క అంచెతో సరిపెట్టుకోమంటోంది. అంతగా కావాలనుకునే ప్రాంతాలు పాతది ఉంచుకోవచ్చని వెసులుబాటూ ఇచ్చింది. చూడండి ఎంత సులువో. ఊళ్లో ఆఫీసుంటేనే కదా నడిచి వెళ్లాలి, సాయంత్రానికి తిరిగి రావాలి! రెయిన్‌డీర్ల వెంట తిరిగే ఇక్కడి మూలవాసులు ఎవెన్కులు ఆ జింక కాలి తోలుతో ‘ఉంటీ’ అనే బూట్లు కుట్టుకుంటారు. ఆఫీసులు లేని చోట అవి అరగాలన్నా అరగవు.