నోబితా చావలేదు, ఆ మెసేజ్ ఇంక ఆపండి

నిన్నటితో అయిదోసారి. మొదట మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా పెద్దమ్మ వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో, తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్ విడివిడిగా "మామా నువ్వు ఇవన్నీ చూస్తావు కదా, నిజమేనా ఇది" అని, చివరికి నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెయింటెనెన్స్ డబ్బులు కట్టమన్న మెసేజ్ కింద. "మీ పిల్లలు చూసే కార్టూన్ల వెనక భయంకర నిజాలు" అని హెడ్డింగు, సైరన్ బొమ్మలు, కింద ఆరు పాయింట్లు. షిన్‌చాన్ నిజంగా బతికిన పిల్లాడంట, చెల్లిని కాపాడబోయి కారు గుద్ది చనిపోయాడంట, వాళ్ళమ్మ ఏడుస్తూ గీసిన బొమ్మలే ఆ సీరియల్ అంట. డోరేమాన్ కార్టూన్‌లో నోబితాకి స్కిజోఫ్రీనియా అంట, వాడితో ఉండే రోబో పిల్లి డోరేమాన్ అసలు లేడంట, ఆ సంగతి తెలిసి నోబితా సూసైడ్ చేసుకున్నాడంట. పోకెమాన్ హీరో యాష్ మొదటి ఎపిసోడ్ నుంచీ కోమాలోనే ఉన్నాడంట. పోకెమాన్ చూసి జపాన్‌లో 700 మంది పిల్లలు చచ్చిపోయారంట. టొటోరో సినిమాలో టొటోరో అంటే యముడంట. అందుకే జపాన్ వాళ్ళే వీటిని బ్యాన్ చేశారంట, పది గ్రూపులకి పంపి పిల్లల్ని కాపాడమంట.

నాలుగుసార్లు పెద్దగా పట్టించుకోకుండా వదిలేశా. ఈసారి ఎందుకు ఊరుకోలేకపోయానో రెండో పాయింటు దగ్గర చెప్తా.

ముందు షిన్‌చాన్. ఏడుస్తూ గీసిన అమ్మ ఎవరూ లేరు. గీసినాయన పేరు యోషితో ఉసుయి. 1990లో వీక్లీ మాంగా యాక్షన్ అనే పత్రికలో మొదలుపెట్టాడు, అది పెద్దవాళ్ళు చదివే పత్రిక. ఇంక ఆ చెల్లి సంగతి. హిమావారి ఆ కథలోకి వచ్చింది 1996లో. అంటే ఆరేళ్ళపాటు షిన్‌చాన్‌కి చెల్లే లేదు. చెల్లిని కాపాడబోయి పోయిన కొడుకు గుర్తుగా ఒక తల్లి ఈ బొమ్మలు మొదలుపెట్టి ఉంటే, ఏ చెల్లి కోసం ప్రాణం పోయిందో ఆ చెల్లినే ఆరేళ్ళు గీయకుండా వదిలేసిందా? ఫోన్లో రెండు నిమిషాలు వెతికితే తేలే విషయం ఇది, ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ రెండు నిమిషాలు ఎవరికీ లేవు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూడకుండా పిల్లలకి పెట్టరు కదా మీరు, మరి ఇదెలా పెట్టేస్తున్నారు?

నిజంగా బాధపడాల్సింది ఒకటి ఉంది షిన్‌చాన్ విషయంలో, అది మాత్రం మెసేజ్‌లో లేదు. ఉసుయి 2009 సెప్టెంబరులో ఒక్కడే అరఫునే అనే కొండకి వెళ్ళి లోయలో పడి చనిపోయాడు, 51 ఏళ్ళు. షిన్‌చాన్ వాళ్ళ ఇల్లు ఉండే కసుకాబే ఉందే, ఆయన ఉన్న ఊరు కూడా అదే. తను రోజూ తిరిగే ఊళ్ళోనే ఆ పిల్లాణ్ణి తిప్పాడు. నాకైతే ఆ ఒక్క ముక్క తెలిశాక ఆ వీధులు గీసిన తీరే వేరేగా కనపడింది.

ఇంకోటి కూడా ఒప్పుకుంటా. షిన్‌చాన్ చూసి పిల్లలు పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడుతున్నారు, పాంటు విప్పి డ్యాన్సులు చేస్తున్నారు అని ఎవరైనా అంటే నేను వాదించను. పెద్దవాళ్ళ పత్రికలో పుట్టిన కథ అది, 2008లో మన దేశంలో ఆపేశారు కూడా, తర్వాత కత్తిరించి వేశారు. అయిదేళ్ళ పిల్లలకి వద్దు అంటే వద్దనే నేనూ అంటా. ఆ మాట సూటిగా చెప్పండి, చావు కథ అల్లక్కర్లేదు.

ఇప్పుడు నోబితా.

మా అక్క వాళ్ళు పటమటలో ఉంటారు, వాళ్ళబ్బాయి మూడో క్లాసు. మొన్న ఆదివారం గుంటూరు నుంచి నేను వెళ్ళేసరికి వాడు పెరుగన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాడు, టీవీ ఆఫ్. డోరేమాన్ లేకుండా ముద్ద మింగే రకం కాదు వాడు, మా అక్క తిట్టీ తిట్టీ వదిలేసింది. ఏంట్రా కరెంటు పోయిందా అంటే లేదని తలూపాడు. ఆవకాయ ముక్కని కంచం అంచుకి తోసి, మళ్ళీ మధ్యలోకి లాగి, మెల్లిగా అడిగాడు, "మావయ్యా, నోబితా చచ్చిపోయాడంట కదా. వాడికి పిచ్చంట కదా. డోరేమాన్ ఉత్తుత్తిదే అంట కదా." స్కూలు ఆటోలో ఆరో క్లాసు పిల్లాడు చెప్పాడంట. ఆ పిల్లాడు వాళ్ళమ్మ ఫోన్లో చదివాడంట. నేను నోరు తెరిచేలోపే ఇంకోటి అడిగాడు, "నేను కూడా మనసులో డోరేమాన్‌తో మాట్లాడతా మావయ్యా, నాక్కూడా పిచ్చి వస్తుందా?"

ఎనిమిదేళ్ళ పిల్లాడు. పది గ్రూపులకి పంపి కాపాడిన పిల్లల్లో వీడొకడు.

సరే, పాయింటుకొస్తా. నోబితా చచ్చిపోయిన చివరి ఎపిసోడ్ ఏదీ లేదు, ఉండే అవకాశమే లేదు. ఆ కథ రాసిన ఫుజిమోటో, అదే ఫుజికో ఎఫ్ ఫుజియో అన్న పేరుతో రాసేవాడు, 1996 సెప్టెంబరు 23న చనిపోయాడు, డోరేమాన్‌కి ముగింపు రాయకుండానే. ముగింపే లేని కథకి చివరి ఎపిసోడ్ మీకెక్కడ దొరికింది? పోనీ అదీ వదిలేయండి, అసలు డోరేమాన్ నోబితా ఇంటికి ఎందుకొచ్చాడు? నోబితా మనవడి మనవడు సెవాషి భవిష్యత్తు నుంచి పంపిస్తే వచ్చాడు. మొట్టమొదటి కథలోనే ఉంది అది, 1969 డిసెంబరులో వచ్చిన కథ. మనవడి మనవడు ఉన్నాడంటే నోబితా పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, కొడుకుని కన్నాడు. షిజుకాతో పెళ్ళి, నోబిసుకే అనే కొడుకు, అన్నీ కథలోనే ఉన్నాయి. చిన్నప్పుడే చచ్చిపోతే సెవాషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

ఈ పుకారు మనోళ్ళు పుట్టించింది కూడా కాదు. నోబితా మంచం మీద స్పృహ లేకుండా పడున్నాడు, ఇదంతా కల అనే మాట జపాన్ పిల్లల్లోనే 1980ల్లో తిరిగింది. తర్వాత ఒక అభిమాని తనే ఒక ముగింపు గీసి పుస్తకం వేసి అమ్మాడు. అందులో డోరేమాన్ బ్యాటరీ అయిపోతుంది, నోబితా పెరిగి పెద్ద ఇంజనీరై వాణ్ణి బాగుచేస్తాడు. పబ్లిషర్లు ఊరుకోలేదు, 2007లో అతను క్షమాపణ చెప్పాల్సొచ్చింది. ఆ దొంగ ముగింపులో కూడా నోబితా చావలేదండీ బాబూ. అభిమానికి కూడా చంపబుద్ధి కాలేదు.

రచయిత మాత్రం వీడ్కోలు కథలు రాశాడు, అవి ఎందుకు రాశాడో తెలిస్తే ఈ మెసేజ్ ఎంత అన్యాయమో తెలుస్తుంది. డోరేమాన్ వచ్చింది ఒకటో క్లాసు పిల్లలకి ఒక పత్రిక, రెండో క్లాసుకి ఇంకోటి అలా క్లాసుల వారీగా వచ్చే పత్రికల్లో. పైక్లాసుకి వెళ్ళే పిల్లలు ఆ పత్రిక మానేస్తారు, వాళ్ళకి డోరేమాన్‌తో వీడ్కోలు ఉండాలి కదా. 1974లో వచ్చిన ఒకటి ఆరో పుస్తకం చివర్లో ఉంటుంది. డోరేమాన్ తెల్లారితే వెళ్ళిపోవాలి, నోబితాని వదిలి వెళ్ళడానికి వాడికి మనసొప్పట్లేదు. ఆ రాత్రి, నోబితాని ఎప్పుడూ కొట్టే జియాన్ ఎదురుపడతాడు. ఎప్పుడూ "డోరేమాన్!" అని ఏడుస్తూ పరిగెత్తే నోబితా ఆ రాత్రి పిలవడు. దెబ్బలు తింటాడు, లేస్తాడు, మళ్ళీ తింటాడు, మళ్ళీ జియాన్ బట్టలు పట్టుకుంటాడు, చివరికి జియానే విసిగిపోయి నీదే గెలుపురా వదిలెయ్ అని పోతాడు. మొహమంతా వాచిపోయి, చూశావా నేనే గెలిచా, ఇంక నువ్వు నిశ్చింతగా వెళ్ళొచ్చు అంటాడు డోరేమాన్‌తో. పొద్దున లేచేసరికి డోరేమాన్ ఉండడు. ఇది చదివితే నాకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక కూడా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పిరికి పిల్లాడు ఒంటరిగా నిలబడటం నేర్చుకున్న కథని తీసుకెళ్ళి, పిచ్చెక్కి చచ్చిపోయాడు అని రాశారు. చేతులెలా వచ్చాయి?

ఇంక ఆ స్కిజోఫ్రీనియా. ఆ మాట మీకు హెడ్డింగులో భయపెట్టడానికి పనికొచ్చే మాట, మా బంధువుల్లో ఒకాయనకి అది రోజూ రాత్రి వేసుకునే మాత్ర. ఇరవై రెండేళ్ళప్పుడు మొదలైంది, ఎవరో తనని తిడుతున్నట్టు గొంతులు వినపడేవి. ఆ జబ్బు ఎక్కువగా ఆ వయసుల్లోనే మొదలవుతుంది, మూడో క్లాసు పిల్లలకి రావడం చాలా అరుదు. బొమ్మతో మాట్లాడుకోవడం, ఊహల్లో ఫ్రెండుని పెట్టుకోవడం ఆ జబ్బు కాదు, చాలామంది పిల్లలు చేసే పని. ఆయన మందులు వాడుతున్నాడు, షాపు నడుపుకుంటున్నాడు, కూతురి ఫీజు కడుతున్నాడు. ఆయన కూడా ఉన్నాడు మా పెద్దమ్మ గ్రూపులో. ఆ జబ్బు వస్తే ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు కనపడి చివరికి చావే గతి అని మీరు పంపిన మెసేజ్ ఆయన కూడా చదివాడు. కింద ఏడుపు బొమ్మలు పదకొండు. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఆరోజు ఏమీ అనలేదు, అది నా తప్పు.

యాష్ కోమా గురించి రెండు వాక్యాలు కూడా ఎక్కువ. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 2023లో తన పోకెమాన్ పికాచుతో కలిసి సిరీస్ నుంచి తప్పుకున్నాడు, కోమా అనే ముక్క ఆ కథ రాసినోళ్ళు ఎక్కడా చెప్పలేదు.

నాలుగో పాయింటు దగ్గర మాత్రం నేను తగ్గాలి. ఇది పచ్చి అబద్ధం అని బ్యాచ్ గ్రూపులో ముందే రాసేశా, తర్వాత చదివితే సగం నిజం. 1997 డిసెంబరు 16 సాయంత్రం వచ్చిన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకి పన్నెండు సార్ల చొప్పున కొన్ని సెకన్లపాటు టీవీ నిండా కొట్టుకున్నాయి. పిల్లలకి ఫిట్స్, వాంతులు, కళ్ళు తిరగడం. 685 మందిని ఆసుపత్రులకి తీసుకెళ్ళారు. ఎవరూ చనిపోలేదు. నాలుగు నెలలు ఆ సీరియల్ ఆపేశారు, అలాంటి మెరుపులు వాడకూడదని రూల్స్ పెట్టుకున్నారు, అక్కడ ఇప్పటికీ చాలా సిరీస్‌ల మొదట్లో గదిలో లైటు వేసుకుని టీవీకి దూరంగా కూర్చుని చూడండి అని రాసి వేస్తారు. మా నాన్న చిన్నప్పుడు నన్ను టీవీ దగ్గర్నుంచి చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే చాదస్తం అనుకునేవాణ్ణి, ఆయనే కరెక్టు. ఈ ఒక్క పాయింటులో చచ్చిపోయారు అనే ముక్క తీసేసి, దూరంగా కూర్చోపెట్టండి అని రాసి ఉంటే నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.

టొటోరో యముడంట, ఆ సినిమాలో అక్కాచెల్లెళ్ళిద్దరూ చచ్చిపోయారంట, కావాలంటే చూడండి చివర్లో వాళ్ళకి నీడలు లేవంట. ఆ సినిమా తీసిన జిబ్లీ స్టూడియో వాళ్ళే 2007లో అలాంటిదేమీ లేదు, నీడలు అక్కడ అక్కర్లేదనిపించి గీయలేదు అని చెప్పేశారు. చెరువులో దొరికిన చెప్పు చెల్లి మెయిది కాదని అక్క సత్సుకి సినిమాలోనే చెప్తుంది. చివర్లో పేర్లు పడేటప్పుడు ఆసుపత్రిలో ఉన్న అమ్మ ఇంటికొచ్చేస్తుంది, పిల్లలతో కలిసి స్నానం చేస్తుంది, ఆ బొమ్మలు పడేదాకా కూడా కూర్చోలేదన్నమాట ఇది రాసినోళ్ళు.

ఇక్కడే నాకు ఎక్కువ కోపం వచ్చింది. చచ్చిపోయిన పిల్లల కథే కావాలంటే అదే స్టూడియో, అదే 1988 ఏప్రిల్ 16న, టొటోరోతో కలిపి అదే టికెట్టు మీద వేసిన సినిమా ఉంది, గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్. యుద్ధంలో జపాన్‌లోని కోబె మీద బాంబులు పడ్డాక ఒక అన్న, చిన్న చెల్లి, ఒక తీపి బిళ్ళల డబ్బా. డబ్బా ఖాళీ అయ్యాక అన్న అందులో నీళ్ళు పోసి గిలకొట్టి ఇస్తాడు, ఆ తీపి నీళ్ళు ఆ పిల్ల ఎంత ఆనందంగా తాగుతుందో. ఆ కథ రాసిన నొసాకా చెల్లెలు నిజంగానే 1945లో తిండి లేక చనిపోయింది. దాన్ని కాపాడలేకపోయానే అన్న బాధ మోసి మోసి 1967లో ఆ కథ రాశాడు, కథలో అన్న అంత మంచి అన్నగా తను ఉండలేకపోయానని చెప్పుకున్నాడు. నిజంగా చెల్లిని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట రాయడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. మీరు షిన్‌చాన్ చెల్లికి లేని యాక్సిడెంట్ ఒక్క పూటలో అల్లేశారు.

ఆరోది, జపాన్‌లో బ్యాన్. డోరేమాన్, షిన్‌చాన్ రెండూ అక్కడ ప్రతి శనివారం టీవీలో వస్తున్నాయి. 2008లో వాళ్ళ విదేశాంగ శాఖ డోరేమాన్‌ని యానిమే, అంటే జపాన్ కార్టూన్ల, రాయబారిగా పెట్టింది, 2011లో కవసాకిలో ఆ రచయిత పేరు మీద మ్యూజియం కట్టారు. అయిపోయింది ఈ పాయింటు.

ఆదివారం సంగతి పూర్తి చేస్తా. పెరుగన్నం కంచం పక్కన పెట్టించి వాడికి ఆరో పుస్తకం కథ చెప్పా, జియాన్‌తో కొట్లాట దాకా బానే విన్నాడు, డోరేమాన్ వెళ్ళిపోయాడనగానే మళ్ళీ మొహం పడిపోయింది. దాని తర్వాతది కూడా చెప్పా. ఏడో పుస్తకంలో ఏప్రిల్ ఒకటో తారీకు, జియాన్ వచ్చి డోరేమాన్‌ని చూశాన్రా అని నోబితాకి చెప్తాడు. నోబితా ఆనందంతో పరిగెత్తి డోరేమాన్‌కి ఇష్టమైన దొరయాకి స్వీట్లు కొని తెస్తాడు, అది ఉత్తుత్తిదే అని జియాన్, వాడి ఫ్రెండు సునియో పడీ పడీ నవ్వుతారు. డోరేమాన్ వదిలివెళ్ళిన పెట్టెలో ఒక మందు ఉంటుంది, అది తాగితే ఏం చెప్తే దానికి రివర్సులో జరుగుతుంది. నోబితా ఇంటికొచ్చి, డోరేమాన్ ఇంక రాడు, ఎప్పటికీ రాడు అని ఏడుస్తాడు.

మావాడు కాసేపు ఆలోచించాడు. "అయితే వచ్చేశాడా?" అన్నాడు.

వచ్చేశాడురా అన్నా. రిమోట్ ఎక్కడుందని సోఫా కింద వెతకడం మొదలుపెట్టాడు.