రంగు సంగతి తర్వాత, ముందు బ్రేకులు

ఊళ్లో షెడ్డులో మూలపడి ఉన్న పాత కారుని బాగు చేయించాలన్న సరదా మన ఎన్నారైల్లో ఈమధ్య బాగా పెరిగింది. నాకేం అభ్యంతరం లేదు, ఆ పిచ్చి నాకూ ఉంది. డబ్బు పంపే వరస చూస్తేనే ఒళ్లు మండుతుంది. ముందు పెయింటింగ్‌కి, తర్వాత సీట్లకి, ఆ తర్వాత క్రోమ్ పూతకి. ఏమైనా మిగిలితే బ్రేకులకి. విజయనగరంలో మాకు తెలిసినవాళ్ల కారు ఒకటి ఇలాగే ఓ పెద్ద నగరంలోని షాపుకి వెళ్లి పెళ్లికూతురిలా ముస్తాబై తిరిగొచ్చింది. చక్రం వెనక చెయ్యి పెట్టి బ్రేక్ హోస్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం, వంచి చూస్తే రబ్బరంతా పగుళ్లు. దాన్ని ఎవరూ ముట్టుకోనేలేదు. బిల్లు మాత్రం లక్షల్లో.

తక్కువ డబ్బుతో పని కావాలంటే నా లెక్క ఒకటే. బండి ఆగాలి, చెప్పిన వైపు తిరగాలి, నిప్పు అంటుకోకూడదు. ఈ మూడూ అయ్యేదాకా రంగు డబ్బా మూత తియ్యకూడదు.

మా మావయ్యగారిది స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపుల బండి. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారు చేశారు. డిజైన్ గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే బ్రిటన్‌లో పాత కార్ల క్లబ్బుల వాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, వాళ్లు నెత్తిన పెట్టుకునే ట్రయంఫ్ వాళ్ల స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్ 1962లో వచ్చింది ఈ హెరాల్డ్ చాసీనే, అంటే అడుగున ఉండే ఇనప చట్రాన్నే, కురచ చేసి. ఆ చుట్టరికమే మన జేబుకి శ్రీరామరక్ష. స్పిట్‌ఫైర్ మోజు వల్ల ముందు సస్పెన్షన్ సామాను బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. హెరాల్డ్ మొదట పుట్టిన ఊరు, బ్రిటన్‌లోని కోవెంట్రీలోనే నేను ఉంటున్నాను కాబట్టి మా ఇంట్లో సూట్‌కేసు సర్దడం అంటే సగం బట్టలు, సగం బేరింగులు.

ఇంకో అదృష్టం ఏంటంటే దీని బరువు మోసేది బాడీ కాదు, కింద ఉన్న చాసీ. తలుపు కింద రేకు తుప్పు పట్టిందంటే చూడ్డానికి బాగోదు, అంతే. చాసీకి అటూ ఇటూ పొడుచుకొచ్చిన చేతులు తుప్పు పట్టాయంటే మాత్రం అసలైన వెల్డింగ్ పని. విజయనగరానికి సముద్రం 20 కిలోమీటర్లు కూడా లేదు, ఆ గాలికి ఏ ఇనుమూ ఊరికే ఉండదు. కాబట్టి కొత్త రంగు చూసి మురిసిపోకుండా సుత్తి పట్టుకుని కారు కింద దూరాలి. మోగితే సరే, మెత్తగా దిగబడితే డబ్బు వెళ్లాల్సింది అక్కడికి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని భాగం. ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు కడ్డీ కింది కొసకి స్క్రూకి ఉన్నట్టు మరలు ఉంటాయి, అది ఒక ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతుంది. ట్రన్నియన్ అంటారు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మరల మీదే పని. దానికి పట్టించాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్, ఈపీ 90 అనే రకం. కానీ గ్రీజు ఎక్కించే చిన్న మూతి, నిప్పిల్, కనిపిస్తే ఏ మెకానిక్ అయినా గ్రీజు గన్ పెట్టి కొట్టేస్తాడు. గ్రీజు గట్టిపడి కింది మరల దాకా దిగదు, అక్కడ నీళ్లు చేరి తుప్పు తింటుంది. ఏదో ఒక రోజు సందు మలుపులో, మెల్లగా వెళ్తుండగానే, కడ్డీ పుటుక్కున విరిగి చక్రం పక్కకి పడుకుంటుంది.

ఈ మాట చెప్తే మా మెకానిక్ ముసలాయన నవ్వాడు. "ఇన్నాళ్లూ గ్రీజే కొట్టినాం కద బాబూ, ఏటైంది?" అన్నాడు. విప్పాక, నల్లగా పిడచకట్టిన గ్రీజు గుడ్డతో తుడిచి, మరల మీద గోరు పెట్టి గీరాడు. ఎర్రటి పొడి రాలింది. "ఇది ఇరిగితే గంట స్తంభం కాడే కూకుందుం" అని, ఆ తర్వాత ఆ నిప్పిల్ దగ్గరికి గ్రీజు గన్‌తో ఎవడొచ్చినా తిట్టి పంపుతున్నాడు.

బ్రేకుల్లో కక్కుర్తి వద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని లాక్కుంటుంది, ఏళ్ల తరబడి నిలబడిన బండిలో సిలిండర్లు లోపల్నించే తుప్పు పడతాయి. కడిగి, వాషర్ మార్చి సరిపెట్టేస్తామంటారు. ఒప్పుకోకండి. మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవే వెయ్యాలి. టైర్లు కూడా అంతే, అరగకపోయినా వయసైపోయిన టైరు టైరు కాదు. 13 అంగుళాల టైర్లు బజార్లో ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి వాటికి విదేశాల దాకా వెళ్లక్కర్లేదు.

అంటుకోకూడదు అన్నాను కదా, అది పెట్రోలు గొడవ. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1960ల నాటి రబ్బరు గొట్టాలు, పంపులో డయాఫ్రమ్ అనే పల్చటి పొర దానికి తట్టుకోవు, ఉబ్బి చీలిపోతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కి పనికొచ్చే గొట్టం మీటరు కొంటే సరిపోతుంది. క్రోమ్ బంపర్ ఖర్చు ముందు అదో ఖర్చేనా?

ఇంజన్ గురించి అందరూ గాభరా పడతారు గానీ, హెరాల్డ్‌లో అన్నిటికంటే సులువు అదే. బోనెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేచిపోతుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఒక్క విషయం, చాన్నాళ్లు ఆగిన బండికి వచ్చీరాగానే సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో ఆయిల్ పోసి నాననిచ్చి, ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడాలి.

కాగితాల దగ్గర చాలామంది వింటేజ్ నంబరుకి ఎగబడుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. బాగానే ఉంది. కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప. అత్తయ్యని ఎక్కించుకుని రామతీర్థం వెళ్లాలంటే మామూలు ఆర్సీ రెన్యువల్ చేయించుకోవడమే మేలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి పెడతారు, అది మనకీ మంచిదే.

ఇంకో మాట చెప్తే కొందరికి కోపం రావచ్చు. రెండేళ్లకోసారి మూడు వారాలు వచ్చేవాడి పేరు మీద పాత కారు ఉండకూడదు. ఆగి ఉన్న బండే పాడయ్యేది. సిలిండర్లు బిగుసుకునేదీ, ట్యాంకులో నీరు చేరేదీ నిలబెట్టినప్పుడే. అందుకే మా మావయ్యగారి బండి ఆర్సీ మా బావ పేరు మీదకి మార్పించాం. ఆదివారం ఆదివారం నెల్లిమర్ల దాకా వెళ్లొస్తాడు. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగిపోయే బండి కాబట్టి కోట చుట్టుపక్కల సందుల్లో కొత్త కార్ల వాళ్లు రివర్సు కొడుతుంటే వీడు ఒక్క తిప్పులో బయటపడతాడు. నాది డబ్బులో వాటా, సూట్‌కేసు చాకిరీ.

డబ్బు అంటే గుర్తొచ్చింది, మెకానిక్ కూలి దగ్గర బేరాలాడకండి. ఇక్కడ గ్యారేజీలో గంటకి ఎంత కడుతున్నామో మనందరికీ తెలుసు. అక్కడ లేత్ మీద బుష్ చేసిచ్చే కుర్రాడి దగ్గర రెండొందలకి పేచీ పెట్టి, ఆ వెంటనే స్టీరింగ్ మీద బ్యాడ్జికి యాభై పౌండ్లు పోసే మనుషులు నాకు తెలుసు.

మా బండి ఇంకా మచ్చలు మచ్చలుగా ప్రైమర్‌తోనే తిరుగుతోంది. "రంగెప్పుడు బావా?" అంటే "క్లచ్ ప్లేటు వచ్చాక" అంటున్నాడు. ప్లేటు కొని పెట్టాను. డిసెంబర్‌లో విశాఖ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, పెట్టెలో కాస్త చోటుంటే చెప్పండి.