హైపోథాలమస్‌కి రీసెట్ బటన్ లేదు, బిళ్లలు మానకండి

పది రోజులుగా ఒకటే మెసేజ్ నాకు ఆరు చోట్ల నుంచి వచ్చింది. పొద్దున్నే నాగావళి గట్టు మీద నాతో నడిచేవాళ్ల గ్రూపులో వచ్చింది, మా ఊరి గ్రూపులో వచ్చింది, ఎవరిదో పెళ్లికని పెట్టి ఆ పెళ్లయిపోయినా మూయని చుట్టాల గ్రూపులోనూ వచ్చింది. నేను శ్రీకాకుళంలో పాతికేళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి "ఇది నిజమేనా మాస్టారూ" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ సారాంశం: "మెదడులో హైపోథాలమస్ అనే గ్రంథి ఉంది. అన్ని హార్మోన్లకూ అదే బాస్. టెన్షన్ వల్ల అది పాడైపోయి ఒళ్లు వస్తుంది. 21 రోజులు పరగడుపున ముక్కులో రెండేసి చుక్కల నువ్వుల నూనె వేసుకుని, రోజుకి 500 కేలరీలే తిని, సాయంత్రం ఆరు దాటాక ఏమీ ముట్టకపోతే రీసెట్ అవుతుంది. మొదటి రోజు నుంచే థైరాయిడ్ బిళ్లలు, నొప్పుల బిళ్లలు మానేయాలి. జన్మలో మళ్లీ ఒళ్లు రాదు."

వరసలో కాకుండా, ప్రాణం మీదికి తెచ్చేదాంతో మొదలుపెడతాను.

"మొదటి రోజు నుంచే బిళ్లలు మానేయాలి."

నరసన్నపేట దగ్గర పల్లెలో ఉండే మా అప్ప ఈ మాట నమ్మింది. మోకాళ్ల నొప్పులకి రెండేళ్లుగా ఒకాయన పొట్లం కట్టి ఇచ్చే బిళ్లలు వేసుకుంటోంది. వాటితో నొప్పి తగ్గిన మాట నిజమే. ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, చేతులూ కాళ్లూ సన్నబడ్డాయి. "ఒళ్లొచ్చేసింది తమ్ముడూ" అనేది. మెసేజ్ చూసి బిళ్లలు ఆపేసిన నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి. "లేస్తే కళ్లు తిరిగిపోతన్నాయిరా, ఏటో నీరసంగున్నాది" అని ఫోన్ చేసింది. ఆసుపత్రికి తీసుకెళ్తే బీపీ బాగా పడిపోయి ఉంది. డాక్టరు ముందుగా అడిగింది ఒకటే: "ఈ మధ్య ఏ మందైనా ఆపారా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అర్థం కావాలంటే హైపోథాలమస్ పని చేసే తీరు తెలియాలి. అది సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాని కిందే వేలాడుతున్న పిట్యూటరీ గ్రంథి ఆ కబురు అందుకుని ఏసీటీహెచ్ వదులుతుంది. అది రక్తంలో ప్రయాణించి, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చేరి, వాటి చేత కార్టిసాల్ అనే, ఒంట్లో బీపీని నిలబెట్టే హార్మోన్‌ని తయారుచేయిస్తుంది. ఆ కార్టిసాల్ మళ్లీ మెదడుకి చేరి "ఇక చాలు" అని చెబుతుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది కదా, కాలువ చివర నీళ్లు నిండుగా ఉన్నాయని కబురొస్తే గేటు దించుతారు, తగ్గాయంటే ఎత్తుతారు. ఇదీ అంతే.

పొట్లంలో ఉన్నవి స్టెరాయిడ్ బిళ్లలు. అవి కార్టిసాల్ చేసే పనే చేస్తాయి, దానికంటే గట్టిగా. బయటి నుంచి రోజూ వచ్చిపడుతుంటే హైపోథాలమస్‌కి కాలువ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. గేటు దించేస్తుంది. నెలల తరబడి పని లేక అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. అలాంటప్పుడు బిళ్ల ఒక్కసారిగా ఆపితే బయటి నీళ్లూ లేవు, లోపలి నీళ్లూ లేవు. బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్ల చేత డాక్టర్లు మోతాదు వారాలు, నెలల మీద మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి ఏమిటంటే, మా అప్ప ముఖం ఉబ్బింది, పొట్ట పెరిగింది హైపోథాలమస్ పాడై కాదు. అది తన పని తాను సరిగ్గానే చేసింది. ఒళ్లు తెచ్చింది పొట్లం. సెలైన్, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఎక్కించాక తేరుకుంది. ఇప్పుడు అదే రకం బిళ్లని డాక్టరు రాసిన లెక్క ప్రకారం, క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుంటూ తగ్గిస్తోంది. నొప్పుల బిళ్లలన్నీ స్టెరాయిడ్లు కావు, పారాసిటమాల్‌కి ఈ గొడవ లేదు. కానీ పేరు లేని పొట్లంలో ఏముందో మీకు తెలియదు. ఆపేముందు ఆ పొట్లాన్నే తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

థైరాయిడ్ బిళ్ల సంగతి ఇంకోలా మోసం చేస్తుంది. ఆ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి ఆపిన మొదటి వారం ఏమీ తెలియదు. "ఐదు రోజులైంది, హాయిగా ఉన్నాను" అని గ్రూపులో పెట్టేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తర్వాతి నెలలో వచ్చే నీరసం, మలబద్ధకం, పెరిగే బరువు గురించి మాత్రం ఎవరూ పోస్టు పెట్టరు.

"అన్ని హార్మోన్లకూ అదే బాస్."

చాలావాటికి అవును, అన్నిటికీ కాదు. ఇన్సులిన్‌ని ప్రధానంగా నడిపేది రక్తంలోని చక్కెరే. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం చూసుకుని పనిచేస్తాయి. పైగా హైపోథాలమస్‌ని గ్రంథి అనడం కూడా సరికాదు. అది నాడీకణాల ముద్ద, బాదంపప్పంత ఉంటుంది, బరువు 4 గ్రాములు. అందులోంచి వచ్చే హార్మోన్లు ఎంత కొంచెమంటే, వాటిలో మొదటిదాన్ని పట్టుకోవడానికి రోజర్ గిల్‌మాఁ, ఆండ్రూ షాలీ అనే ఇద్దరు పోటీపడి లక్షల గొర్రెల, పందుల మెదడు ముక్కల్ని కరిగించారు. 1969లో దాని నిర్మాణం తేలింది, 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

"టెన్షన్ వల్ల అది పాడైపోతుంది."

టెన్షన్‌కి స్పందించడమే దాని పని. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో మా పెద్దమ్మగారింట్లో ఉన్నాను. వండిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది, ఎవరికీ ముద్ద దిగలేదు. పొద్దున్న చూస్తే కొబ్బరి చెట్లన్నీ నేలమీదే. కరెంటు లేని ఆ తర్వాతి రోజుల్లో మాత్రం చేతికందిన బెల్లం, మరమరాలు, బిస్కెట్లు తింటూనే ఉన్నాం. ఆకలి లేకపోయినా తిన్నాం. రెండూ మామూలే. అప్పటికప్పుడు వచ్చిన భయంలో సీఆర్‌హెచ్ ఆకలిని అణుస్తుంది. బెంగ రోజుల తరబడి సాగితే కార్టిసాల్ తీపి మీదికి, నూనె వంటల మీదికి మనసు లాగుతుంది. దీర్ఘకాలపు టెన్షన్ వల్ల, నిద్ర చాలకపోవడం వల్ల కొందరు లావెక్కుతారు, కొందరు చిక్కిపోతారు. దాన్ని పాడైపోవడం అనరు.

నిజంగా పాడైతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. 1940లో హెథరింగ్టన్, రాన్సన్ ఎలుకల హైపోథాలమస్‌లో ఒక చోటు దెబ్బతీస్తే అవి విపరీతంగా లావయ్యాయి. 1951లో మన దేశం నుంచి అమెరికాలోని యేల్‌కి వెళ్లిన బి.కె.ఆనంద్, అక్కడి బ్రోబెక్‌తో కలిసి పక్కనున్న ఇంకో చోటు దెబ్బతీశారు. ఆ ఎలుకలు తిండి ముందున్నా ముట్టలేదు. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. మనుషుల్లో అయితే అక్కడ గడ్డలు వచ్చిన పిల్లల్లో ఇది కనిపిస్తుంది: తీరని ఆకలి, తీరని దాహం, లీటర్ల కొద్దీ మూత్రం, ఎదుగుదల ఆగిపోవడం, చూపు తగ్గడం. ఆఫీసు టెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు.

"ముక్కులో నూనె చుక్కలు."

పిట్యూటరీ ఆపరేషన్ ముక్కులోంచి చేస్తారన్న మాట నిజమే, కానీ ఎముక తొలుచుకుని వెళ్తారు. నూనెకి ఆ దారి లేదు. రోజూ వేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియా తెచ్చే అవకాశం మాత్రం ఉంది.

"రోజుకి 500 కేలరీలు."

ఈ అంకె ఎక్కడిదో చూస్తే నవ్వొస్తుంది. 1950లలో రోమ్‌లో సైమన్స్ అనే డాక్టరు, గర్భిణుల్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ని సూదిమందుగా ఇచ్చి, రోజుకి 500 కేలరీలే పెట్టి, హైపోథాలమస్ బాగుపడుతుందని చెప్పాడు. ఆ తర్వాత ఉత్త సెలైన్ ఇంజక్షన్‌తో పోల్చి చూస్తే రెండింటికీ తేడా కనపడలేదు. తగ్గింది తిండి లేక. ఇప్పటి మెసేజ్‌లో సూది పోయి నూనె వచ్చింది, 500 మాత్రం అలాగే ఉంది. ఇడ్లీ ఒక్కోటి 40, 50 కేలరీలు వేసుకున్నా పది, పన్నెండు ఇడ్లీలతో రోజంతా గడపాలి, చట్నీ కూడా లేకుండా. షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు అలా ఉంటే కొందరికి చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు.

"సాయంత్రం ఆరు దాటాక తినకూడదు."

ఇందులో కొంత నిజం ఉంది. హైపోథాలమస్‌లో కళ్లకు అందే వెలుతురుని బట్టి నడిచే గడియారం ఉంది. కార్టిసాల్ పొద్దున్న లేచిన వేళ ఎక్కువగా, అర్ధరాత్రి బాగా తక్కువగా ఉండేది దానివల్లే. రాత్రి పదకొండుకి బిర్యానీ తినే అలవాటు మానితే మంచిదే. పొద్దున్నే వెలుతురులో నడిస్తే నిద్ర కుదురుతుంది. అలాగని అరసవల్లి దేవుడిలా సూర్యుణ్ని నేరుగా చూస్తూ నిలబడకండి, కళ్లు పోతాయి.

"జన్మలో మళ్లీ ఒళ్లు రాదు."

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువుని కనిపెట్టింది. లెప్టిన్‌ని కొవ్వు కణాలే తయారుచేస్తాయి, నిల్వ ఎంతుందో హైపోథాలమస్‌కి చెబుతాయి. పుట్టుకతోనే అది లేని కొద్దిమంది పిల్లలకు ఇంజక్షన్ ఇస్తే ఆకలి అదుపులోకి వచ్చింది. మామూలుగా లావైనవాళ్లలో మాత్రం లెప్టిన్ ముందే ఎక్కువగా ఉంటుంది, మెదడు దాన్ని సరిగ్గా వినదు. ఇక బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది. హైపోథాలమస్ దాన్ని కరువు కింద లెక్కేసి ఆకలి పెంచుతుంది, ఒంట్లో ఖర్చు తగ్గిస్తుంది. 21 రోజుల పస్తు తర్వాత జరిగేది ఇదే. ఇప్పుడు పేరు మోగుతున్న సెమాగ్లూటైడ్ ఇంజక్షన్లు నిజంగానే హైపోథాలమస్ మీద కూడా పనిచేసి ఆకలి తగ్గిస్తాయి. అవి ఏడాదికి పైగా వాడి ఆపినవాళ్లలో కూడా చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. అంత మందుకే కాని రీసెట్, రెండు చుక్కల నువ్వుల నూనెకి అవుతుందా?