అమ్మే ముందు ఆ నేల మీద ఎవరైనా నడిచి చూశారా?

హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి భూముల గొడవ అందరికీ తెలిసిందే. తెలంగాణ ప్రభుత్వం వేలం వేయాలనుకున్న 400 ఎకరాలు, రాత్రింబవళ్లు బుల్డోజర్లు, విద్యార్థుల ఆందోళన, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం. ఆ రోజుల్లో చర్చంతా చెట్లు, జింకలు, నెమళ్ల చుట్టూ తిరిగింది. తిరగాల్సిందే. కానీ ఆ నేలలో ఏముందో ఎవరైనా చూశారా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా గట్టిగా వినపడలేదు. పక్కనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే పెద్ద రాళ్లతో కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. చరిత్ర విభాగానికి చెందిన ప్రొఫెసర్ కె.పి.రావు వాటిని తవ్వించారు. అక్కడ దొరికిన ఇనుప పనిముట్లు నాలుగు వేల ఏళ్ల నాటివని ఆయన ప్రకటించారు. గోడకు ఇవతల అంత చరిత్ర ఉన్నప్పుడు అవతల ఏముందో చూడాలని ఏ అధికారికీ తోచకపోవడం మామూలు విషయం కాదు.

నేను అడుగుతున్నది ఒక్కటే. ప్రభుత్వ భూమిని వేలం వేసినా, పరిశ్రమకు ఇచ్చినా, క్వారీకి లీజు రాసినా, ఇళ్ల పట్టాలుగా పంచినా, ముందు దాని మీద పురావస్తు సర్వే జరగాలి. ఆ సర్వే మన డిగ్రీ, పీజీ విద్యార్థులు చేయాలి. చేసిన పనికి నెలనెలా స్టైపెండ్ అందాలి. చరిత్ర చదివే పిల్లలకు ఏదో ఒక వ్యాపకం చూపించాలన్న జాలితో ఈ మాట అనడం లేదు. ఈ పని వాళ్లు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

పురావస్తు శాఖల్లో సిబ్బంది లేరు, నిధులు లేవు అన్నది ఏళ్లుగా వింటున్నదే. దాని ఫలితం ఎలా ఉంటుందో 2013లో కాగ్ చూపించింది. కేంద్రం రక్షిస్తున్నామని చెప్పుకొనే కట్టడాల్లో 1,655 చోట్లకు స్వయంగా వెళ్లి చూస్తే 92 కనిపించలేదు. తర్వాత వెతికితే కొన్ని దొరికాయి. 2022 చివర్లో పార్లమెంటరీ కమిటీకి చెప్పిన లెక్క ప్రకారం 14 నగరాల కింద కలిసిపోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 అసలు ఎక్కడున్నాయో తెలియదు. ఇవి చట్టం కాపాడే జాబితాలోవి. ఏ జాబితాకూ ఎక్కని రాకాసి గుళ్లనే పాత రాతి సమాధులు, పూర్వులు నిలబెట్టిన నిలువురాళ్లు, చనిపోయిన వీరుల పేర చెక్కిన వీరగల్లులు, పాత ఊళ్ల పాటిదిబ్బలు ఎన్ని పోయాయో లెక్కపెట్టేవాళ్లే లేరు.

అసలు కిటుకు చట్టంలో ఉంది. అమెరికాలో ఆర్కియాలజీ చదివే విద్యార్థులకు ప్రభుత్వ భూముల్లో ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి. అక్కడి భూ నిర్వహణ సంస్థ ఒక్కదాని చేతిలోనే దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. అటవీ శాఖ, జాతీయ పార్కుల భూములు వేరే. ఆ సంస్థలు విద్యార్థులను పిలిచి, జీపీఎస్ చేతికిచ్చి, కొండల్లో నడిపించి, డబ్బులిస్తాయి. చరిత్ర మీద మనకంటే వాళ్లకు ప్రేమ ఎక్కువై కాదు. 1966లో చేసిన చారిత్రక పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షన్ వాళ్ల మెడ మీద ఉంది. కేంద్ర ప్రభుత్వం చేపట్టే, డబ్బిచ్చే, అనుమతించే ఏ పనికైనా, రోడ్డు కావచ్చు పైపులైను కావచ్చు, అక్కడి చారిత్రక ఆనవాళ్లకు ఏం జరుగుతుందో ముందే తేల్చుకోవాలని ఆ సెక్షన్ చెబుతుంది. తేల్చాలంటే వెతకాలి. వెతకాలంటే మనుషులు కావాలి. అందుకే అక్కడ ఆర్కియాలజీ చదివినవాడికి పని ఉంది, ఆ పని నేర్చుకునేవాడికి స్టైపెండ్ ఉంది.

మన దగ్గర పరిస్థితి తలకిందులు. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం, రాష్ట్రాల చట్టాలు ప్రకటించిన స్థలాన్ని కాపాడమంటాయి. 2010 సవరణతో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణం కుదరదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. మంచిదే. కానీ ప్రకటించని చోటు సంగతేంటి? అక్కడ ఏముందో వెతకమని ఎవరినీ ఒత్తిడి చేసే ఏర్పాటు లేదు. వెతికే అవసరమే లేనప్పుడు వెతికేవాడికి ఉద్యోగం ఎక్కడిది? ఆర్కియాలజీలో పీజీ చేసి పోటీ పరీక్షల కోచింగ్‌లో చేరే పిల్లలను చూసి, చరిత్రకు గిరాకీ లేదని తీర్పు చెప్పేస్తాం. గిరాకీ దానంతటదే పుట్టదు, చట్టం పుట్టించాలి. పర్యావరణ అనుమతులు తప్పనిసరి చేశాకే ఆ రంగంలో కన్సల్టెంట్లు, ల్యాబులు, ఉద్యోగాలు వచ్చాయన్నది మన కళ్ల ముందే ఉంది.

సర్వే అనగానే జనం గుంత తవ్వడాన్ని ఊహించుకుంటారు. ఇక్కడ తవ్వేదేమీ లేదు. అయిదారుగురు పది మీటర్ల ఎడంతో వరసగా నిలబడి, తలలు దించుకుని మెల్లగా నడవడం. దున్నిన చేను, వాన కడిగిన గట్టు, వాగు కోసిన ఒడ్డు ఇందుకు అనువైన చోట్లు. అక్కడ కుండపెంకు కనిపిస్తుంది. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటే అది మామూలు పెంకు కాదు. కుండను బోర్లించి కాల్చితే లోపలికి గాలి అందక నలుపు మిగులుతుంది, బయట గాలి తగిలి ఎరుపు తేలుతుంది. రెండు వేల ఏళ్ల కిందట, అంతకు ముందు, ఈ నేల మీద కుమ్మరులు అలా కాల్చారు. ఇంకాస్త ముందుకెళ్తే బరువుగా, రంధ్రాలతో, నల్లగా, ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం తగులుతుంది. ఆ చోట ఒకప్పుడు కొలిమి ఉందన్నమాట. నిజామాబాద్ వైపు కోనసముద్రం నుంచి ఉక్కు పశ్చిమాసియా దాకా వెళ్లింది. ఆ పరిశ్రమకు ఇవాళ మిగిలిన సాక్ష్యం ఆ చిట్టెం, ఉక్కు కరిగించిన మట్టి మూసల ముక్కలే. విద్యార్థి వాటి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తాడు, జీపీఎస్ పాయింటు తీసుకుంటాడు, ఎన్ని పెంకులు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో రాసుకుంటాడు. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ గుట్టను ఏమంటారో, అక్కడ ఏం దొరికేవో అడుగుతాడు. చివరికి ఆ భూమి రెవెన్యూ సర్వే నంబరు వేస్తాడు.

నా దృష్టిలో వీటన్నిటిలో ముఖ్యమైనది ఆ సర్వే నంబరే. పురావస్తు శాఖ నివేదికలో 'గ్రామానికి వాయవ్యంగా కిలోమీటరు దూరంలో దిబ్బ' అని ఉంటుంది. రెవెన్యూ రికార్డులో అదే నేల బంచరాయి అనో పోరంబోకు అనో ఉంటుంది. ఈ రెండు కాగితాలు ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు. తహసీల్దారు ముందున్న కంప్యూటర్‌లో ఆ నేల ఖాళీ భూమి. ఖాళీ భూమిని ఎవరికైనా ఇవ్వొచ్చు. విద్యార్థి తెచ్చిన సమాచారం ఆ రికార్డులోనే ఒక కాలమ్‌గా ఎక్కితే, ఫైలు కదిపే ప్రతి అధికారికీ అది కనిపిస్తుంది. తర్వాత తెలియదు అనడానికి వీలుండదు.

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషం. అయితే ఆ పెద్ద రాళ్ల చుట్టూ ఉండాల్సిన చిన్న రాళ్ల వరసలు చాలాచోట్ల పొలాలు చేసుకునే క్రమంలో చెదిరిపోయాయి. రైతును తప్పుపట్టలేం. అది ఫలానా అని అతనికి ఎవరు చెప్పారు? ఒకప్పటి కర్నూలు జిల్లాలోని జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద పొరగా ఉంది. ఆ పొరకు పైనా కిందా కూడా రాతి పనిముట్లు దొరికాయని, అంటే ఆ పేలుడు తర్వాతా ఇక్కడ మనుషులు బతికారని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకుంది. అదే బూడిదను జనం తవ్వి అమ్ముకున్నారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒక కుండలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల నాటి 3,730 సీసపు నాణేలు దొరికాయి. పద్ధతిగా తవ్వుతున్నారు కాబట్టి ఏ పొరలో ఎలా ఉన్నాయో తెలిసింది. అదే కుండ జేసీబీ బకెట్‌కు తగిలి ఉంటే నాణేలు పాత సామాను కొట్టుకు చేరేవి, మనకు ఒక వార్త కూడా మిగిలేది కాదు.

అనుభవం లేని పిల్లలను పంపితే ఉన్నది పాడుచేస్తారని, స్థలాల వివరాలు బయటపడితే గుప్తనిధుల ముఠాలు వాలిపోతాయని కొందరు పండితుల భయం. మొదటిదానికి జవాబు పైన చెప్పాను: తవ్వకం లైసెన్స్ ఇప్పుడెవరి దగ్గరుందో వాళ్ల దగ్గరే ఉంటుంది, విద్యార్థి పారపట్టుకోడు. రెండోది నిజమైన సమస్యే. కచ్చితమైన జీపీఎస్ పాయింట్లు శాఖ, రెవెన్యూ అధికారుల లాగిన్‌లోనే ఉంచాలి. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. గుప్తనిధుల ముఠాలకు మన సర్వేతో పనిలేదు. ఏ గుట్ట మీద ఏ పాత గుడి ఉందో వాళ్లకు ఎప్పుడో తెలుసు. తెలియనిది శాఖకే.

విద్యార్థులను నమ్మి పని అప్పగించడం ఈ దేశానికి కొత్త కూడా కాదు. 1944లో అప్పటి కేంద్ర పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టి విశ్వవిద్యాలయాల కుర్రవాళ్లను ట్రెంచుల్లోకి దింపారు. అక్కడ నేర్చుకున్న బి.బి.లాల్ తర్వాత కేంద్ర పురావస్తు శాఖకే డైరెక్టర్ జనరల్ అయ్యారు. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తకముందు, 1954 నుంచి 1960 దాకా, ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నాగార్జునకొండ లోయంతా గాలించి వందకు పైగా స్థలాలను నమోదు చేశారు. ప్రాజెక్టు ఆగలేదు, చరిత్రా పూర్తిగా మునగలేదు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారనే వాళ్లు ఆ లోయ సంగతి ఒకసారి తిరగేయాలి. డబ్బు అంతంతమాత్రంగా ఉన్న 1950ల్లో చేయగలిగిన పని ఇవాళ చేతకాదంటే ఎలా నమ్మాలి?

ఇక విద్యార్థుల వైపు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మూడేళ్ల కోర్సులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన గొప్పది. మరి పల్లెటూరి ప్రభుత్వ కాలేజీలో చరిత్ర చదివే అమ్మాయి అన్ని నెలలు ఎక్కడ పనిచేయాలి? చుట్టుపక్కల కంపెనీ ఉండదు. ఏదో ఆన్‌లైన్ కోర్సు, ఏదో సర్టిఫికెట్, పని అయిపోయిందనిపిస్తారు. ఆమె కాలేజీకి అయిదు కిలోమీటర్లలో ఎవరూ నమోదు చేయని శాసనం పొలం గట్టున పడి ఉంటుంది. తెలంగాణలోనూ యూజీసీ నిబంధనల పుణ్యమా అని ఇంటర్న్‌షిప్‌ల మాట వినిపిస్తోంది. ఈ గంటలన్నీ ఇప్పటికే టైంటేబుల్‌లో ఉన్నాయి. కొత్తగా పుట్టించాల్సింది లేదు.

డబ్బు విషయంలో మాత్రం రాజీ కుదరదు. ఉచితంగా చేయించే ఇంటర్న్‌షిప్‌కు వచ్చేది ఇంట్లో ఆసరా ఉన్న పిల్లలే. సెలవుల్లో కూలికి వెళ్లి హాస్టల్ ఖర్చులు చూసుకునే విద్యార్థి రాలేడు. కానీ ఆ నేల గురించి ఎక్కువ తెలిసింది అతనికే. గొర్రెలు కాసిన పిల్లాడికి గుట్ట మీద ఏ రాయి వింతగా ఉందో తెలుసు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద కంపెనీల్లో చేరే యువతకు నెలకు రూ.5,000 ఇస్తామన్నారు. ప్రైవేటు కంపెనీలో కూర్చోబెట్టడానికి ఖజానా నుంచి ఇవ్వగలిగినప్పుడు, ప్రభుత్వం తన సొంత భూమిని సర్వే చేయించుకోవడానికి ఇవ్వలేదా? ఎకరా పదుల కోట్లకు వేలం పాడే చోట ఆ సొమ్ములో చిల్లర చాలు.

ఈ వేలాల దగ్గరే నాకు అసలు బాధ. గత కొన్నేళ్లుగా ఏ పార్టీ అధికారంలో ఉన్నా ప్రభుత్వ భూమి అంటే అవసరానికి తీసి వాడుకునే డిపాజిట్ అయింది. దానికి విలువ రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే ధరే. మేపుకునే హక్కు, చెరువుకు నీళ్లు తెచ్చే వాలు, గ్రామదేవత గద్దె, తాతల సమాధులు, ఇవేవీ ఆ ధరలోకి రావు. ఉమ్మడి ఆస్తిని ఉమ్మడిగా చూసుకునే అలవాటు మనకు తప్పిపోయింది. ఒక భూమి గురించి ఊరి పిల్లలే నడిచి, చూసి, రాసి సంతకం పెట్టిన నివేదిక ఫైల్లో ఉంటే, ఆ ఊరికి ఆ భూమి మీద మాట్లాడే హక్కు కాగితం మీద దొరుకుతుంది. ప్రభుత్వాలు దీనికి సుముఖంగా లేకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల్లో ఎవరు ముందుకొచ్చినా మొదట పెద్ద చట్టమేమీ అక్కర్లేదు. రెవెన్యూ శాఖ నుంచి ఒక జీవో చాలు: పదెకరాలకు మించిన ఏ ప్రభుత్వ భూమి వేలం ప్రకటనలోనైనా, కేటాయింపు ఉత్తర్వులోనైనా పురావస్తు సర్వే నివేదిక నంబరు, తేదీ ఉండాలి, లేకుంటే ఆ ప్రకటన చెల్లదు. ఉన్నత విద్యామండలి ఆ సర్వేకు క్రెడిట్లు ఇవ్వాలి. పురావస్తు శాఖ జిల్లాకొక శిక్షకుడిని పెట్టాలి, రిటైరైన నిపుణులు ఇందుకు సరిపోతారు. క్వారీ లీజులు ఎక్కువగా ఉన్న జిల్లాలతో మొదలుపెట్టాలి, ఎందుకంటే పేల్చేసిన గుట్టను మళ్లీ సర్వే చేయలేం.