పార్సిల్ ఆగిపోయిందట, నమ్మక చస్తామా?

పర్లాకిమిడిలో ఉండేవాళ్ళకి "మీ అడ్రస్ సరిగ్గా లేదు, పార్సిల్ ఆగిపోయింది" అని మెసేజ్ వస్తే నమ్మక ఏం చేస్తారు? అసలు మన అడ్రస్ ఎప్పుడు సరిగ్గా ఏడ్చింది కనక! ఊరి పేరు ఒకరు పర్లాకిమిడి అంటారు, ఇంకొకరు పారలాఖేముండి అని రాస్తారు. చుట్టాలు అలవాటుకొద్దీ కింద శ్రీకాకుళం జిల్లా అని తగిలిస్తారు. 1936లోనే మనం ఒడిశాలో కలిశామన్న కబురు శుభలేఖల మీద అడ్రస్‌లు రాసేవాళ్ళకి ఇంకా అందినట్టు లేదు. పిన్‌కోడ్ 76తో మొదలైతే ఇటు ఒడిశా, 53తో మొదలైతే అటు ఆంధ్ర. పాతపట్నం మనకి ఆటో దూరమే, కానీ ఆ రెండంకెలు తప్పు పడితే ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది.

సైబర్ దొంగలకి మన కష్టం తెలిసి కాదు, ఆ మెసేజ్ దేశమంతా పంపుతున్నారు. కాకపోతే వేరే ఊళ్ళలో అనుమానం వచ్చేచోట మనకి "అయ్యో, మళ్ళీనా" అనిపిస్తుంది.

మొన్న మా పిన్నికి వచ్చింది. పార్సిల్ గోడౌన్‌కి చేరిందట, ఇన్ని గంటల్లోగా అడ్రస్ సరిచేయాలట, కింద లింకు. నొక్కితే అచ్చం పోస్టాఫీసు సైట్‌లాంటి పేజీ, అదే ఎరుపు, అదే పసుపు. పేరు, వీధి అడిగాక మళ్ళీ పంపడానికి పాతిక రూపాయలు కట్టమంది. "అమ్మాయి బరంపురం నుంచి చీర పంపింది కదరా, అదే అయ్యుంటుంది" అంటూ కళ్ళజోడు కోసం వెతుకుతోంది పిన్ని. "అది కొరియర్‌లో పంపింది పిన్నీ!" అని ఫోన్ లాక్కున్నాను. వాళ్ళకి కావలసింది పాతిక కాదు, కార్డు వెనకున్న మూడంకెలూ ఓటీపీనూ.

లింకులో ముందు ఇండియాపోస్ట్ అని ఉంటే సరిపోదు. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీతకి (/) ముందున్న పేరు డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి. స్పీడ్ పోస్ట్ నంబరైతే రెండక్షరాలు, తొమ్మిదంకెలు, చివర ఐఎన్. అదేదీ చెప్పకుండా "మీ పార్సిల్" అన్నాడంటే వాడి దగ్గర పార్సిలే లేదు. అప్పటికీ అనుమానముంటే రోజూ మన వీధిలోకొచ్చే పోస్ట్‌మ్యాన్‌ని అడగొచ్చు కదా.

ఇక అసలు ఉత్తరాల సంగతికొస్తే మనం తక్కువ తిన్నామా? వేరేవాళ్ళ బ్యాంకు కవరు మన అడ్రస్‌కి వస్తే కిరాణా కొట్టు బల్ల మీద పడేస్తాం. వచ్చినవాడల్లా తిరగేసి చూస్తాడు, ఎవడో చింపి చదువుతాడు కూడా. లోపల చెక్కుబుక్కు ఉండొచ్చు, ఏటీఎం కార్డు ఉండొచ్చు. చింపకుండా "ఈ అడ్రస్‌లో లేరు" అని పైన రాసి పోస్ట్‌మ్యాన్ చేతికిస్తే తిరిగి పంపినవాళ్ళకే పోతుంది. ఈమెయిల్‌లో వేరేవాళ్ళ పాలసీ కాగితాలొచ్చినా అంతే, ఫైలు తెరవకుండా కంపెనీకి ఒక ముక్క రాయండి. ముక్కూ మొహం తెలియని చెత్త మెయిల్ అయితే మాత్రం జవాబివ్వద్దు, అన్‌సబ్‌స్క్రైబ్ కూడా నొక్కద్దు. స్పామ్‌లో పడేయండి. నొక్కితే ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాడికి మనమే చెప్పినట్టు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్ళుంటే, ఇంట్లో తిడతారని టెన్షన్ పడుతూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

మెసేజ్‌ని ఫార్వర్డ్ చేసి "జాగ్రత్త" అనడం కూడా ఆపండి బాబూ. లింకుతో సహా పోతుంది. స్క్రీన్‌షాట్ పెట్టండి చాలు. పిన్ని నిన్న ఫ్యామిలీ గ్రూపులో సరిగ్గా ఆ పనే చేసింది. "ఏం పార్సిలమ్మా, నాకు తెరుచుకోవట్లేదు" అని మావయ్య పొద్దుటి నుంచి నొక్కుతూనే ఉన్నాడు.