బోర్డు ఎక్కించే ముందు బార్ వదలడం నేర్పాలి

కైట్‌బోర్డింగ్‌లో (పెద్ద గాలిపటం, అంటే కైట్, లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారే ఆట) కొత్తవాళ్లను మొదటి రోజే బోర్డు మీద నిలబెట్టొచ్చని మీ వ్యాసంలో రాశారు. నేర్పేవాడిగా నేను దీన్ని ఒప్పుకోలేను. భయమేస్తే ఎవరైనా ముందు బార్‌ను (కైట్‌ను నడిపే చేతికర్రను) గట్టిగా పట్టుకుని ఒంటివైపు లాక్కుంటారు. అలా లాగితే కైట్ బలం ఇంకా పెరిగి మనిషిని ఈడ్చుకుపోతుంది. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు ఇలా మొదలైనవే.

అందుకే ఒడ్డునే చిన్న కైట్‌తో "టెన్షన్ వస్తే బార్ వదిలెయ్" అని పదేపదే చేయిస్తాను. వదిలితే లాగే బలం చాలావరకు పోతుంది. అప్పటికీ లాగుతుంటే క్విక్ రిలీజ్ (కైట్ బలాన్ని ఒక్కసారిగా తీసేసే అత్యవసర పిడి) వాడాలి, అదీ చాలకపోతే లీష్ (కైట్‌ను మనిషికి కలిపి ఉంచే తాడు) కూడా విప్పేయాలి. కళ్లు మూసుకున్నా క్విక్ రిలీజ్ చేతికి అందేదాకా ఎవరినీ నీళ్లలోకి దింపను. ఆ తర్వాత కూడా బోర్డు ఇవ్వను, బాడీ డ్రాగ్ (బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్లలో ఒంటితోనే సాగడం) చేయిస్తాను. బోర్డు జారిపోయినప్పుడు గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్లి తెచ్చుకోవడం దానితోనే వస్తుంది.

గాలి గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. 12 నాట్ల వేగంతో వీచే గాలి 24 నాట్లయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలిలో కొత్తవాళ్లను దింపనే కూడదు, కైట్ పడిపోతే వెనక్కి రాలేరు. హెల్మెట్ పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

దయచేసి ఆ "మొదటి రోజే" అన్న మాట మార్చండి. అది చదివి ఎవరో ఒకరు తొందరపడతారు.